ఓఎఫ్‌డీఎంని ఎప్పుడు వదలాలి? మల్టీక్యారియర్ పద్ధతుల్లో ఏది ఎవరికి పనికొస్తుంది

కానూరు, వడ్డేశ్వరం, చౌడవరం, వడ్లమూడి. విజయవాడ, గుంటూరు చుట్టూ ఉన్న ఈ కాలేజీ ఊళ్లలో ఈసీఈ ఫైనల్ ఇయర్ వాళ్లు, ఎంటెక్ వాళ్లు వైర్‌లెస్ ప్రాజెక్ట్ అనుకోగానే ముందు ఒక కొత్త పేరు కోసం వెతుకుతారు. ఎఫ్‌బీఎంసీ, యూఎఫ్‌ఎంసీ, జీఎఫ్‌డీఎం, ఓటీఎఫ్‌ఎస్: అన్నీ గాల్లోకి డేటా పంపే కొత్త పద్ధతుల పేర్లే. ఏదో ఒక బేస్ పేపర్ దొరుకుతుంది. అందులో తప్పులను చూపే గ్రాఫ్‌లో కొత్త పద్ధతి గీత కిందికి, 4జీ, 5జీ వాడే ఓఎఫ్‌డీఎం పద్ధతి గీత పైకి ఉంటుంది. ఆ గ్రాఫ్ చూసి టైటిల్ ఖాయం చేసేస్తారు. తర్వాత రివ్యూలో "సరే, ఇది ఎక్కడ పనికొస్తుంది?" అని అడిగితే టెన్షన్ మొదలవుతుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ పద్ధతి గొప్పది అన్న ప్రశ్నకు జవాబు లేదు. మీ లింక్‌కి ఇబ్బంది ఎక్కడ వస్తోంది, అది ఎంత, అన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఉంటుంది. ఆ ఇబ్బందిని అంకెల్లో చూపించగలిగిన రోజున ఓఎఫ్‌డీఎంని వదలండి. అప్పటిదాకా దాని దగ్గరే ఉండండి.

అన్నిటికీ కొలబద్ద ఓఎఫ్‌డీఎం

మల్టీక్యారియర్ అంటే వేగంగా వచ్చే డేటాను ఒకే క్యారియర్ (డేటాను మోసే తరంగం) మీద తోయకుండా, పక్కపక్కనే ఉన్న చాలా సబ్‌క్యారియర్లకు పంచి నెమ్మదిగా పంపడం. ప్రకాశం బ్యారేజీలో నది మొత్తం ఒకే దారిన పోకుండా 70 గేట్లలోంచి పోయినట్టు. ఏ గేటు ఎంత ఎత్తాలో విడిగా నిర్ణయించుకోవచ్చు. సిగ్నల్ బాగున్న సబ్‌క్యారియర్ మీద ఎక్కువ బిట్లు, బాగాలేని దాని మీద తక్కువ బిట్లు పెట్టుకోవచ్చు.

ఈ ఆలోచనకు 1966లో బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ చాంగ్ రూపం ఇచ్చారు. 1971లో వైన్‌స్టీన్, ఎబర్ట్ దీన్ని డీఎఫ్‌టీతో (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే గణితంతో) చేయొచ్చని చూపించాక వందల ఆసిలేటర్ల అవసరం పోయింది. 1980లో పెలెడ్, రూయిజ్ సైక్లిక్ ప్రిఫిక్స్ (ప్రతి సింబల్, అంటే ఒకసారి పంపే డేటా ముక్క, చివరి భాగాన్ని దాని ముందు అతికించడం) తెచ్చారు. ఈ మూడూ కలిశాకే ఓఎఫ్‌డీఎం అనే యంత్రం పూర్తయింది: ఒక ఎఫ్‌ఎఫ్‌టీ (డీఎఫ్‌టీని వేగంగా చేసే తీరు), ముందు అతికించిన చిన్న తోక, సబ్‌క్యారియర్‌కి ఒక్క గుణకారంతో ఈక్వలైజర్ (దారిలో చెడిన సిగ్నల్‌ని సరిచేసేది). మల్టీపాత్‌ని (ఒకే సిగ్నల్ వేర్వేరు దారుల్లో వచ్చి కలవడాన్ని) ఇంత చవకగా తట్టుకునే పద్ధతులు చాలా తక్కువ. ఎంఐఎంఓ (ఒకటి కంటే ఎక్కువ యాంటెనాలు వాడటం) కూడా దీని మీద హాయిగా కూర్చుంటుంది.

4జీ ఎల్‌టీఈలో సబ్‌క్యారియర్ల మధ్య దూరం 15 కిలోహెర్ట్జ్. సింబల్ నిడివి 66.7 మైక్రోసెకన్లు, సైక్లిక్ ప్రిఫిక్స్ సుమారు 4.7 మైక్రోసెకన్లు. అంటే గాల్లో గడిచే సమయంలో దాదాపు 7 శాతం ప్రిఫిక్స్‌కే పోతుంది. 20 మెగాహెర్ట్జ్‌లో నిజంగా వాడేది 18. కొత్త పద్ధతుల పేపర్లన్నీ ఎత్తి చూపేది ఈ రెండు వృథాలనే. ఎత్తిచూపడం న్యాయమే, కానీ 5జీ వచ్చేసరికి రెండోది దాదాపు మాయమైంది. 30 కిలోహెర్ట్జ్ దూరంతో 100 మెగాహెర్ట్జ్ చానెల్‌లో 3276 సబ్‌క్యారియర్లు నడుస్తాయి, అంటే 98.28 మెగాహెర్ట్జ్. ఓఎఫ్‌డీఎం సిగ్నల్‌కే ట్రాన్స్‌మిటర్‌లో ఫిల్టర్ గానీ విండో (సింబల్ అంచులను మెత్తబరచడం) గానీ పెట్టి సాధించిన ఫలితం ఇది. 5జీ కోసం పోటీకి వచ్చిన పద్ధతులన్నిటినీ చూశాక 2016లో మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ మళ్లీ సైక్లిక్ ప్రిఫిక్స్ ఉన్న ఓఎఫ్‌డీఎం వైపే మొగ్గింది. ఫిల్టర్ ఎలా పెట్టుకోవాలో తయారీదారుకు వదిలేసింది. కాబట్టి 2015 నాటి పేపర్ ముందుమాటను మీ రిపోర్ట్‌లోకి అలాగే ఎత్తుకొస్తే, ఇప్పటికే తీరిపోయిన సమస్యకు మందు రాస్తున్నట్టు అవుతుంది.

కొండ, నది, ఆలస్యంగా వచ్చే సిగ్నల్

విజయవాడలో ఉన్నవాళ్లకు ఈ లెక్క కళ్లముందే ఉంది. సిగ్నల్ మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. ఎల్‌టీఈ ప్రిఫిక్స్ 4.7 మైక్రోసెకన్లు కాబట్టి నేరుగా వచ్చిన సిగ్నల్‌కీ, తిరిగి వచ్చిన సిగ్నల్‌కీ మధ్య సుమారు 1400 మీటర్ల దారి తేడా వరకు తట్టుకుంటుంది. 5జీలో 30 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రిఫిక్స్ 2.34 మైక్రోసెకన్లే, అంటే 700 మీటర్లు.

ఇప్పుడు సీతానగరం ఒడ్డున టవర్ ఉంది, ఫోన్ కూడా ఆ ఒడ్డునే దగ్గర్లో ఉంది అనుకోండి. బ్యారేజీ పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు. సిగ్నల్ నీళ్ల మీదుగా ఇంద్రకీలాద్రి దాకా పోయి రాతికి తగిలి వెనక్కి వస్తే అదనపు దారి దగ్గర దగ్గర 2.4 కిలోమీటర్లు, ఆలస్యం 8 మైక్రోసెకన్లు. రెండు ప్రిఫిక్స్‌లూ చాలవు. నేరు దారి తెరిచి ఉంటే ఈ ప్రతిధ్వని చాలా బలహీనంగా ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు. నేరు దారికి భవనం అడ్డం వచ్చి, నది మీద ఏ అడ్డూ లేనప్పుడే అది లెక్కలోకి వస్తుంది.

ఈ ఇబ్బందికి కొత్త పద్ధతి మందు కాదు. ప్రతి సబ్‌క్యారియర్‌కీ విడిగా ఫిల్టర్ పెట్టే ఎఫ్‌బీఎంసీకి ప్రిఫిక్సే లేదు. ఇంత ఆలస్యం వస్తే ప్రతి సబ్‌క్యారియర్‌కీ ఎక్కువ ట్యాపులున్న (అంటే ఎక్కువ గుణకారాలు చేసే) ఈక్వలైజర్ పెట్టాలి, అప్పుడు ఒక్క గుణకారపు సుఖం పోతుంది. సబ్‌క్యారియర్ల గుంపుకో ఫిల్టర్ పెట్టే యూఎఫ్‌ఎంసీలో ఫిల్టర్ తోక కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. ఇక్కడ మందు ఓఎఫ్‌డీఎంలోనే ఉంది: 5జీలో 15 కిలోహెర్ట్జ్ దూరానికి దిగితే ప్రిఫిక్స్ 4.7 మైక్రోసెకన్లకు పెరిగి ఇబ్బంది కొంత తగ్గుతుంది, ఎల్‌టీఈలో అయితే 16.7 మైక్రోసెకన్ల పొడుగు ప్రిఫిక్స్ ఉంది. ఆ పొడుగు ప్రిఫిక్స్ 5 కిలోమీటర్ల తేడాను మింగేస్తుంది.

చాలామంది తడబడే సంగతి ఒకటి ఉంది. ప్రిఫిక్స్ చూసేది టవర్ ఎంత దూరంలో ఉందని కాదు, దారుల మధ్య తేడా ఎంతని. టవర్ పది కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఆ ఆలస్యాన్ని టైమింగ్ అడ్వాన్స్ (ఫోన్‌ని కాస్త ముందుగా పంపమనే ఏర్పాటు) చూసుకుంటుంది.

పోలిక న్యాయంగా ఉండాలంటే

నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టుబట్టేది ఇక్కడే. ప్రాజెక్ట్ రిపోర్టుల్లో పోలిక తప్పుదారి పట్టే చోట్లు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి.

మొదటిది, వట్టి ఏడబ్ల్యూజీఎన్ చానెల్‌లో (నాయిస్ తప్ప వేరే ఇబ్బంది లేని దారిలో) బీఈఆర్ (తప్పు బిట్ల నిష్పత్తి) గీతలు గీసి ఒక పద్ధతి గెలిచిందని రాయడం. సబ్‌క్యారియర్లు ఒకదానికొకటి అడ్డం రాకుండా సరిగ్గా డీమాడ్యులేట్ చేస్తే, అదే క్వామ్‌కి (బిట్లను సిగ్నల్‌గా మార్చే తీరుకి) అన్ని మల్టీక్యారియర్ పద్ధతుల్లోనూ ఒకే బీఈఆర్ రావాలి. ప్రిఫిక్స్‌కి ఖర్చయిన శక్తి వల్ల ఓఎఫ్‌డీఎం గీత సుమారు 0.3 డెసిబెల్ పక్కకు జరుగుతుంది, అంతే. మీ గ్రాఫ్‌లో 3 డెసిబెల్ తేడా కనిపిస్తే గెలుపు కాదు, కోడ్‌లో పవర్ నార్మలైజేషన్ (రెండిటికీ ఒకే పవర్ ఇచ్చారా అని) చూసుకోవాలి.

రెండోది స్పెక్ట్రమ్ పక్కలు. ఓఎఫ్‌డీఎం సబ్‌క్యారియర్ మొదటి పక్కలోబ్ (తన చోటు దాటి పక్కకు చిమ్మే సిగ్నల్) 13 డెసిబెల్ మాత్రమే కింద ఉంటుంది. యూరప్‌లో ఫిడ్యాస్ ప్రాజెక్ట్ ఇచ్చిన ఫిల్టర్‌తో, ఓవర్‌లాప్ 4 (ఒక్కో సింబల్ నాలుగు సింబళ్ల మేర పరుచుకోవడం) పెట్టిన ఎఫ్‌బీఎంసీలో అది సుమారు 40 డెసిబెల్ కింద ఉంటుంది, ఆపైన ఇంకా వేగంగా పడిపోతుంది. చూడటానికి అద్భుతమైన గ్రాఫ్. కానీ దాని పక్కన పెట్టాల్సింది ఫిల్టర్ చేసిన ఓఎఫ్‌డీఎంని, ఏ విండో లేని పచ్చి ఓఎఫ్‌డీఎంని కాదు. ఆపైన రెండిటినీ పవర్ యాంప్లిఫయర్ మోడల్‌లోంచి పంపి మళ్లీ గీయాలి. యాంప్లిఫయర్ ప్రవర్తనను చూపే రాప్ మోడల్ నాలుగు లైన్ల కోడ్. యాంప్లిఫయర్ సరళరేఖ దాటి పనిచేసే చోట ఎఫ్‌బీఎంసీ పక్కలు కూడా పైకి లేస్తాయి, అంతకుముందు కనిపించిన తేడాలో చాలా భాగం కరిగిపోతుంది.

మూడోది ఎఫ్‌బీఎంసీకి ప్రిఫిక్స్ లేదు కాబట్టి 7 శాతం మిగులు అనే వాక్యం. ఓవర్‌లాప్ 4 అయితే బరస్ట్ (ఒక విడతలో పంపే సింబళ్ల వరుస) చివర సింబల్ తోకలు మిగులుతాయి. ఓక్యూఏఎంతో (క్వామ్‌లో సగాన్ని అర సింబల్ జరిపి పంపే రకంతో) కలిపి లెక్కిస్తే ఆ అదనం 3.5 సింబల్ నిడివి. 14 సింబల్స్ పంపితే 17.5 సింబల్స్ సమయం పడుతుంది, సామర్థ్యం 80 శాతం. అదే ఎల్‌టీఈ ఓఎఫ్‌డీఎంలో 93.3 శాతం. బరస్ట్ 49 సింబల్స్ దాటాకే ఎఫ్‌బీఎంసీ ముందుకొస్తుంది. తోకలను కత్తిరించి ఈ అంతరం తగ్గించొచ్చు, కానీ కత్తిరిస్తే పక్కలోబులు మళ్లీ లేస్తాయి. కాబట్టి ఆగకుండా సాగే ప్రసారానికి ఎఫ్‌బీఎంసీ బాగుంటుంది. చిన్న చిన్న ప్యాకెట్లకు నేను సలహా ఇవ్వను.

నాలుగోది రిసీవర్. ఓటీఎఫ్‌ఎస్‌కి (దీని సంగతి కింద చెబుతాను) మెసేజ్ పాసింగ్ డిటెక్టర్ అనే బలమైన రిసీవర్ ఇచ్చి, ఓఎఫ్‌డీఎంకి ఒక్క ట్యాప్ ఈక్వలైజర్ ఇచ్చి, రెండిటికీ చానెల్ కోడింగ్ (తప్పులు దిద్దుకోవడానికి కలిపే అదనపు బిట్లు) తీసేసి పోల్చడం. ఓఎఫ్‌డీఎంని ఎవరూ కోడింగ్ లేకుండా వాడరు. ఫేడింగ్‌లో పడిన సబ్‌క్యారియర్లను కాపాడేది ఆ కోడింగే. ఎల్‌డీపీసీ అనే కోడ్ పెట్టి పోల్చండి. తేడా తగ్గినా, అప్పుడు మిగిలిన తేడా నమ్మదగినది.

బ్యాటరీ, పల్లె, మిర్చి కోల్డ్ స్టోరేజీ

ఫోన్ నుంచి టవర్‌కు పోయే దారిలో ఇబ్బంది వేరు. వెయ్యికి పైగా సబ్‌క్యారియర్లు కలిసినప్పుడు అప్పుడప్పుడు అన్నీ ఒకే దిశలో కూడి పెద్ద శిఖరం వస్తుంది. ఓఎఫ్‌డీఎంలో ఆ శిఖరం సగటు కంటే 11–12 డెసిబెల్ దాకా పోవచ్చు. యాంప్లిఫయర్ ఆ శిఖరానికి చోటు ఉంచుకోవాలి కాబట్టి సగటు పవర్ తగ్గించి పని చేస్తుంది. మామూలు ఫోన్ గరిష్ఠ పవర్ 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. అందులోంచి తగ్గించుకుంటూ పోతే ఊరి చివర ఉన్నవాడి అప్‌లోడ్ ఆగిపోతుంది.

దీనికి మందు డీఎఫ్‌టీ-స్ప్రెడ్ ఓఎఫ్‌డీఎం. ఐఎఫ్‌ఎఫ్‌టీకి (ఎఫ్‌ఎఫ్‌టీకి విలోమం) ముందు ఒక డీఎఫ్‌టీ పెడతారు, శిఖరం 2–3 డెసిబెల్ తగ్గుతుంది. 3 డెసిబెల్ అంటే రెట్టింపు పవర్ అని గుర్తుంచుకోండి. ఎల్‌టీఈ అప్‌లింక్ అంతా ఇదే. 5జీలో సిగ్నల్ బాగున్నవాళ్లు మామూలు ఓఎఫ్‌డీఎంలో, అంచున ఉన్నవాళ్లు డీఎఫ్‌టీ-స్ప్రెడ్‌లో పంపే వీలుంది. ఎఫ్‌బీఎంసీ, యూఎఫ్‌ఎంసీ ఈ శిఖరాన్ని పెద్దగా తగ్గించవు. ఫిల్టర్ పెడితే పీఏపీఆర్ (శిఖరానికీ సగటుకీ నిష్పత్తి) కూడా తగ్గుతుందని రాసిన రిపోర్ట్ కనిపిస్తే నమ్మొద్దు.

మన దేశం నుంచి ఈ విషయంలో ఒక గట్టి పని జరిగింది. 5జీఐ అనే మన దేశపు 5జీ ప్రమాణంలో ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్, వైర్‌లెస్ పరిశోధన సంస్థ సీవిట్ వాళ్లు పల్లెల కోసం పెద్ద సెల్‌ను దృష్టిలో పెట్టుకున్నారు, టవర్ల మధ్య 12 కిలోమీటర్ల దూరం. దానికి వాళ్లు నమ్ముకున్నది కొత్త పేరున్న వేవ్‌ఫామ్‌ని కాదు, డీఎఫ్‌టీ-స్ప్రెడ్ మీద పై బై టూ బీపీఎస్‌కేకి (సింబల్‌కి ఒక్క బిట్ పంపే తీరుకి) స్పెక్ట్రమ్ షేపింగ్ జోడించడాన్ని. 2020–21లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఆమోదించింది, తర్వాత దాన్ని 3జీపీపీ రిలీజ్ 17లో కలిపేశారు. పెదనందిపాడు వైపు పొలాల్లో కవరేజీ గురించి ప్రాజెక్ట్ చేయాలనుకునే గుంటూరు పిల్లలకు ఇంతకంటే మంచి అంశం నాకు తోచదు. లెక్క చిన్నది, ఫలితం స్పష్టం, ఉపయోగం మన ఊళ్లకే.

గుంటూరులోనే ఇంకో సందర్భం ఉంది. మిర్చి యార్డుకు సరుకు పంపే కోల్డ్ స్టోరేజీల్లో వందల సెన్సర్లు పెట్టి ఉష్ణోగ్రత, తేమ పంపించాలనుకోండి. ఒక్కోటి గంటకోసారి కొన్ని బైట్లు పంపుతుంది, మిగతా సమయం నిద్రపోతుంది. ప్రతిసారీ టవర్‌తో సమయం కుదుర్చుకోవడానికే డేటా కంటే ఎక్కువ బ్యాటరీ పోతుంది. సమయం కాస్త అటూఇటూ అయినా పక్కవాడిని పాడుచేయకుండా పంపే పద్ధతి కావాలి. యూఎఫ్‌ఎంసీ పుట్టిందే ఇందుకు. 2013లో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ప్రతిపాదించారు. సబ్‌క్యారియర్లను 12 లాంటి చిన్న గుంపులుగా చేసి, గుంపు మొత్తానికి ఒక డాల్ఫ్-చెబిషెవ్ ఫిల్టర్ పెడతారు. ఫిల్టర్ నిడివి ప్రిఫిక్స్ అంతే, కాబట్టి చిన్న బరస్ట్‌కి ఎఫ్‌బీఎంసీలా తోకల బరువు లేదు. రిసీవర్‌లో రెట్టింపు సైజు ఎఫ్‌ఎఫ్‌టీ కావాలి, అది టవర్ వైపే కాబట్టి సెన్సర్‌కి భారం లేదు.

అయినా ఇవాళ నిజంగా సెన్సర్లు పెట్టాల్సి వస్తే నేను ఎన్‌బీ-ఐఓటీనే (సెన్సర్ల లాంటి చిన్న పరికరాల కోసం చేసిన మొబైల్ ప్రమాణం) ఎంచుకుంటాను. 180 కిలోహెర్ట్జ్‌లో ఇమిడిపోతుంది. అప్‌లింక్‌లో 3.75 లేదా 15 కిలోహెర్ట్జ్ ఒక్క టోన్ (ఒక్క సబ్‌క్యారియర్) మీద పంపొచ్చు, ఒక్క టోన్ అయితే శిఖరం సమస్య దాదాపు ఉండదు, మాడ్యూల్ బజారులో దొరుకుతుంది. యూఎఫ్‌ఎంసీ ప్రాజెక్ట్‌గా మంచిది, కొనడానికి కాదు. ఈ తేడా రిపోర్ట్‌లో ఒప్పుకుని రాస్తే ఎక్స్‌టర్నల్ దగ్గర మీ మాటకు విలువ పెరుగుతుంది.

జీఎఫ్‌డీఎం గురించి ఎక్కువ చెప్పను. 2009లో డ్రెస్డెన్ నుంచి ఫెట్‌వైస్ బృందం తెచ్చింది. ఒక పెద్ద బ్లాక్‌కి ఒకే ప్రిఫిక్స్, వలయంగా తిరిగే ఫిల్టర్. సబ్‌క్యారియర్లు తమలో తామే అడ్డం వస్తాయి, దాన్ని తీసేయడానికి జీరో ఫోర్సింగ్ (ఆ అడ్డాన్ని పూర్తిగా సున్నా చేసే లెక్క) పెడితే నాయిస్ పెరుగుతుంది. చేసేవాళ్లకు ఒక్క సూచన: మామూలు రూట్ రైజ్డ్ కొసైన్ ఫిల్టర్‌తో, సబ్‌క్యారియర్ల సంఖ్య, సబ్‌సింబల్స్ (ఒక బ్లాక్‌లో వరుసగా వచ్చే సింబళ్లు) సంఖ్య రెండూ సరిసంఖ్యలైతే మాట్రిక్స్‌కి విలోమం ఉండదు. సబ్‌సింబల్స్‌ని బేసి సంఖ్యలో పెట్టుకోండి.

రైలు వేగానికి ఓటీఎఫ్‌ఎస్ కావాలా?

2017లో రోనీ హదానీ, ఆయన సహచరులు ప్రతిపాదించిన ఓటీఎఫ్‌ఎస్ నిజంగా కొత్త ఆలోచన. డేటాను సమయం-ఫ్రీక్వెన్సీ గడుల్లో కాకుండా ఆలస్యం-డాప్లర్ గడుల్లో పెడతారు (డాప్లర్ అంటే కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ జరగడం). వేగంగా మారే చానెల్ కూడా అక్కడ నిలకడగా, కొద్ది బిందువులతో కనిపిస్తుంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో చొక్కలింగం, ఐఐటీ ఢిల్లీలో సైఫ్ ఖాన్ మహమ్మద్ దీని మీద చేసిన పని ప్రపంచమంతా చదువుతోంది. గణితం ఇష్టమైన ఎంటెక్ విద్యార్థికి ఇంత మంచి నేల మరోటి లేదని మనస్ఫూర్తిగా చెబుతాను.

కానీ "వేగంగా పోయే రైళ్ల కోసం" అని ముందుమాటలో రాసేముందు మన రైలు లెక్క వేసి చూడండి. విజయవాడ–గూడూరు మార్గంలో గంటకు 130 కిలోమీటర్లు, అంటే సెకనుకు 36 మీటర్లు. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర డాప్లర్ సుమారు 420 హెర్ట్జ్. 30 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్ దూరంలో అది 1.4 శాతం. దానివల్ల పక్క సబ్‌క్యారియర్ల నుంచి వచ్చే గోల అసలు సిగ్నల్ కంటే 35 డెసిబెల్ కింద ఉంటుంది. 64-క్వామ్‌కి అది అడ్డమే కాదు. రైల్వేకు 2021లో కేటాయించిన 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో అయితే డాప్లర్ 84 హెర్ట్జే.

ఇంకో వైపు నుంచి చూసినా అంతే. ఓటీఎఫ్‌ఎస్ డాప్లర్‌ని ఎంత సన్నగా విడదీస్తుందో ఫ్రేమ్ నిడివిని బట్టి ఉంటుంది. 1 మిల్లీసెకను ఫ్రేమ్‌లో ఒక గడి 1 కిలోహెర్ట్జ్. మన రైలు డాప్లర్ రెండు వైపులా కలిపినా ఒక్క గడిని దాటదు. 100 హెర్ట్జ్ గడి కావాలంటే 10 మిల్లీసెకన్లు ఆగాలి, ఎందుకంటే ఫ్రేమ్ మొత్తం వచ్చాకే డీకోడ్ చేయగలరు. ఆలస్యం పనికిరాని చోట ఇది పెద్ద ధర.

ఓటీఎఫ్‌ఎస్‌కి చోటు ఎక్కడంటే, 28 గిగాహెర్ట్జ్ దగ్గర గంటకు 500 కిలోమీటర్లు లాంటి చోట. డాప్లర్ 13 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది, 120 కిలోహెర్ట్జ్ దూరంలోనూ అది 11 శాతం. గోల 17 డెసిబెల్ కిందికి మాత్రమే ఉంటుంది, 64-క్వామ్ కూలిపోతుంది. తక్కువ ఎత్తు కక్ష్యల ఉపగ్రహాలు, విమానాలు, రాడార్‌ని, కమ్యూనికేషన్‌ని ఒకే సిగ్నల్‌తో నడిపించే పనులు. ఒకే దారిన వచ్చే డాప్లర్ ఎంత పెద్దదైనా రిసీవర్ సరిదిద్దుకుంటుందని మర్చిపోకండి. వేర్వేరు దారులకు వేర్వేరు డాప్లర్ ఉన్నప్పుడే ఓటీఎఫ్‌ఎస్ అవసరం పడుతుంది.

ఎవరు ఏది తీసుకోవాలి

బీటెక్ బృందానికి, ముఖ్యంగా ప్లేస్‌మెంట్ల మధ్య టైమ్ దొరకని వాళ్లకు, నా మొదటి ఎంపిక ఓఎఫ్‌డీఎం, డీఎఫ్‌టీ-స్ప్రెడ్ పోలిక, యాంప్లిఫయర్ మోడల్‌తో సహా. ఎవరి సాయం లేకుండా మొదటినుంచి చివరిదాకా మీరే రాయగలరు. బయట ప్రాజెక్ట్ సెంటర్‌లో కొన్న కోడ్‌తో ఓటీఎఫ్‌ఎస్ చూపించడం కంటే ఇది వైవాలో వంద రెట్లు ధైర్యం ఇస్తుంది. ఇంకొంచెం ఓపిక ఉంటే యూఎఫ్‌ఎంసీ తీసుకోండి. మాట్‌ల్యాబ్ కమ్యూనికేషన్స్ టూల్‌బాక్స్‌లో ఎఫ్‌బీఎంసీ, యూఎఫ్‌ఎంసీ, ఫిల్టర్డ్ ఓఎఫ్‌డీఎం మూడింటికీ ఉదాహరణలు ఉన్నాయి. వాటిని నడిపి వదిలేయకుండా సెన్సర్లకు సమయపు లోపం పెట్టి, లోపం పెరిగేకొద్దీ ఏమవుతుందో గీయండి. లైసెన్స్ లేకపోతే పైథాన్‌లో నంపై చాలు, ఏ పద్ధతీ వంద లైన్లు దాటదు.

ఎంటెక్ వాళ్లు ఎఫ్‌బీఎంసీ తీసుకుంటే ఒంటి యాంటెనాతో ఆగకండి. ఓక్యూఏఎంలో మిగిలే ఊహాత్మక (ఇమాజినరీ) అడ్డంకి వల్ల రెండు యాంటెనాలతో పంపే అలమౌటి కోడ్ నేరుగా పనిచేయదు, పైలట్‌కి (చానెల్ కొలవడానికి పంపే, ముందే తెలిసిన సిగ్నల్‌కి) తోడు సహాయక పైలట్ కావాలి. పరిశోధన సమస్య అక్కడ ఉంది. ఓటీఎఫ్‌ఎస్ తీసుకుంటే గడుల మధ్యలో పడే డాప్లర్‌ని పెట్టి చేయండి. పూర్ణసంఖ్య డాప్లర్‌తో వచ్చిన అందమైన ఫలితాలు నిజమైన చానెల్‌లో నిలబడవు.

హార్డ్‌వేర్ మీద చూపించాలనుకుంటే ప్లూటో ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిపించే చిన్న రేడియో) సరిపోతుంది. 325 మెగాహెర్ట్జ్ నుంచి 3.8 గిగాహెర్ట్జ్ వరకు, 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో పంపుతుంది, అందుకుంటుంది. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ చవక కానీ అందుకోవడమే, పంపలేదు. మొబైల్ బ్యాండ్లలో యాంటెనా పెట్టి ప్రసారం చేయడం చట్టవిరుద్ధం, పక్కనున్న టవర్‌ని కూడా పాడుచేస్తుంది. ట్రాన్స్‌మిట్ పోర్ట్ నుంచి రిసీవ్ పోర్ట్‌కి కేబుల్ వేసి మధ్యలో 30 డెసిబెల్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించేది) పెట్టండి. మల్టీపాత్, డాప్లర్ రెండూ పంపే ముందే సాఫ్ట్‌వేర్‌లో కలపొచ్చు. గాల్లోంచి పంపాల్సిందే అంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో తక్కువ పవర్‌తో, ల్యాబ్ గది దాటకుండా పంపండి. ఆ బ్యాండ్‌లో హాస్టల్ వైఫై అంతా నిండి ఉంటుంది కాబట్టి కొలతలు తీసేముందు స్పెక్ట్రమ్ ఒకసారి చూసి ఖాళీ చానెల్ ఎంచుకోండి.